ఆస్ట్రియా జెండా ఉతికిన మనిషి

ఆయన పోయాడని ఆయన కూతురు రాయచోటి నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, చిరాకు. పోయిన మనిషి మీద చిరాకేమిటని మీరనవచ్చు. ఆరేళ్ళు ఆయనతో ఒకే గదిలో ఉండి, ఒకే దుకాణంలో పనిచేసి ఉంటే అలా అనరు. చెప్పిన మాట వినడు, తొందరపడడు. ఊరంతా పరుగులు పెడుతుంటే ఒక చొక్కా కాలరు ముందేసుకుని, దాని మీద మరక టీదో కూరదో తేల్చుకుంటూ కూర్చుంటాడు.

కువైట్‌లో ఫహాహీల్ బజారులో మాది లాండ్రీ. అక్కడివాళ్ళు మస్బగా అంటారు. ముందు గదిలో కౌంటర్ నాది. బట్టలు తీసుకోవడం, చీటీ రాయడం, వచ్చినవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడడం నా పని. వెనక గదిలో ఉతుకుడూ ఇస్త్రీ ఆయనవి. మా ఇద్దరి మీదా ఒక పాలస్తీనా మేనేజరు, నెమ్మదస్తుడు. యజమాని కువైటీ, నెలకొకసారి కనిపించేవాడు.

బట్ట చేతికి అందగానే ఆయన చేసే మొదటి పని వాసన చూడడం. అది కూడా ఇచ్చినవాళ్ళ ఎదుటే. నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఎవరి పేరూ ఆయనకు అక్కర్లేదు. "కాలరు అరగదీసే సారు వచ్చినాడు", "గుండీలు తెంపే ఆయమ్మ బట్టలు అయిపోయినాయి", ఇలా చెప్పేవాడు. నేను రాసే చీటీలను నమ్మేవాడు కాదు. ప్రతి బట్టకూ అంచు లోపల దారంతో రెండు కుట్లో మూడు కుట్లో గుర్తు వేసేవాడు. ఊళ్ళో వాళ్ళ నాయన జీడిగింజ రసంతో పెట్టే గుర్తులట, కువైట్‌లో దారంలోకి మారాయి.

"చీటీ నీళ్ళలో ఊడిపోతాది నాయనా. దారం ఊడదు."

"అది కాదండీ, అవతల పదిమంది నిలబడ్డారండీ, ఒక్కో గుడ్డకీ మీరలా కుడతా కూర్చుంటే ఎలాగండీ?"

"నీ అండీ అండీ ఇంటాంటే నా ఇస్త్రీపెట్టె చల్లారిపోతాంది" అని నవ్వేవాడు. నాది కోనసీమ. నా మాట ఆయనకు వేళాకోళం, ఆయన నిదానం నాకు గండం.

ఇంకా గట్టిగా అడిగితే ఒకటే జవాబు. "గుడ్డ మనది గాదు నాయనా." ఆ మాట రోజుకు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇరాక్ సైన్యం వచ్చి పడడానికి మూడు నాలుగు రోజుల ముందు సంగతి. మాకు బట్టలిచ్చేవాళ్ళలో ఒక ఆస్ట్రియా ఇంజనీరు ఉండేవాడు. చమురు కంపెనీలో పంపుల పని. సముద్రం రోడ్డు మీద మేడలో మూడో అంతస్తులో భార్యాభర్తలిద్దరే ఉండేవారు. ఆ రోజు ఆయన చొక్కాలతో పాటు ఒక పాత జెండా తెచ్చాడు. ఎర్ర పట్టీ, నడుమ తెల్ల పట్టీ, మళ్ళీ ఎర్ర పట్టీ. పాతబడి అంచులు చివికిపోయాయి. సెలవుకి ఊరెళ్తున్నామనీ, ఎనభై ఏళ్ళ తల్లి దాన్ని ఒకసారి చూడాలని రాసిందనీ, శుభ్రం చేసి ఇమ్మనీ చెప్పాడు.

మావాడు వాసన చూశాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఏది పైకి, ఏది కిందికి? అడుగు. మడత దాన్నిబట్టి ఎయ్యల్ల."

ఇంజనీరు నవ్వాడు. "ఎలా పట్టుకున్నా ఒకటే. తలకిందులుగా ఎగరెయ్యడం ఎవరివల్లా కాని జెండా మాది" అన్నాడు. అక్కడితో ఆగక కౌంటర్ మీద మోచేతులు ఆనించి కథ మొదలుపెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట వాళ్ళ డ్యూక్ ఒకడు శిలువ యుద్ధానికి పాలస్తీనా తీరంలో అక్కా అనే ఊరి కోట మీదికి వెళ్ళాడట. తెల్లటి అంగీ తొడుక్కుని పగలంతా పోరాడితే అంగీ మొత్తం రక్తంతో తడిసిపోయిందట. సాయంత్రం నడుముకు కట్టిన దట్టీ విప్పితే, దట్టీ ఉన్న మేర మాత్రం తెల్లగా మిగిలిందట. ఎరుపు, తెలుపు, ఎరుపు. అదే జెండా అయిందట.

నేను ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్తున్నాను. మావాడు శ్రద్ధగా విని, "ఆ నెత్తురు ఆయనది గాదు" అన్నాడు.

"మీకెలా తెలుసండీ?"

"ఆయనదైతే లోపల్నుంచి వస్తాది గదా. దట్టీ కిందనే ముందు తడుస్తాది. దాని కింద తెల్లగుండాదంటే అంతా బయట్నుంచి పడిందే. ఎదుటోళ్ళది."

ఈ మాట ఇంగ్లీషులో చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాను. ఇంజనీరు ముందు నవ్వబోయి, ఆగిపోయాడు. "మా బడిలో ఏ మాస్టారూ ఈ సంగతి చెప్పలేదు" అన్నాడు. వెనక హేంగర్లు సర్దుతున్న మేనేజరు ఎవరి వైపూ చూడకుండా, "ఆ అక్కా ఊరే మా నాన్న పుట్టింది" అన్నాడు. ఇంజనీరు ముఖం కందిపోయింది. అది ఉత్త కథేననీ, ఆ రంగులు తరవాతెప్పుడో మరో డ్యూక్ ముద్ర మీద మాత్రమే దొరికాయనీ, మొదటి ప్రపంచ యుద్ధంలో సామ్రాజ్యం పోయి చిన్న దేశంగా మిగిలినప్పుడు జనం వాటినే జెండాగా పెట్టుకున్నారనీ గబగబా చెప్పాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. మావాడు జెండాను ఇస్త్రీ బల్ల మీద పరిచి, పై ఎర్ర పట్టీ మీద వేలు పెట్టి గీసినట్టు తిప్పాడు.

"ఈడ ఏదో గుండ్రంగా కుట్టి, మల్లా ఇప్పినారు. సూది బెజ్జాలు చూడు. ఆ గుండ్రం లోపల ఎరుపు ఎండకు ఎలిసిపోలేదు. సగం గుండ్రమే ఉండాది, మిగతా సగం కత్తిరించినారు."

నిజమే. తెల్ల పట్టీని ఆనుకుని చంద్రవంకలా ఒక ముదురు మరక. ఆయన చూపించేదాకా నా కంటికి ఆనలేదు. ఇంజనీరు ఆ గీత వెంట తనూ వేలు తిప్పాడు. తరవాత మెల్లగా చెప్పాడు. ఆయన చిన్నతనంలో పక్కనున్న జర్మనీ సైన్యం వచ్చి వాళ్ళ దేశాన్ని మింగేసింది. ఏడేళ్ళు ఆస్ట్రియా అనే పేరే లేదు, ఈ జెండా ఎగరేస్తే నేరం. కిటికీకి స్వస్తిక గుర్తున్న ఎర్ర జెండా కట్టాలి. యుద్ధం అయిపోయిన రోజున వాళ్ళమ్మ ఆ ఎర్ర జెండానే దించి, నడుమనున్న తెల్ల బిళ్ళ విప్పేసి, ఎర్రగుడ్డలోంచి రెండు పట్టీలు కత్తిరించి, మంచం మీద దుప్పటి చించి మధ్యలో పెట్టి కుట్టింది. ఆ వీధిలో ఇంకా చాలామంది అలాగే కుట్టుకున్నారట.

"కిటికీకి ఆ ఎర్ర జెండా కట్టింది మా నాన్నే" అన్నాడు. "బలవంతాన కాదు. ఇష్టంగానే కట్టాడు."

మావాడు అంతా విని, "ఆ గుండ్రం తెలీకుండా చెయ్యమంటాడా, ఉండనీమంటాడా అడుగు" అన్నాడు.

ఇంజనీరు ఆలోచించి, "ఉండనీ. అమ్మకి తెలుస్తుంది" అన్నాడు. శనివారం వచ్చి తీసుకుంటానని వెళ్ళిపోయాడు. గురువారం తెల్లవారేసరికి వీధిలో ట్యాంకులున్నాయి.

ఆ రోజుల గురించి చాలామంది చెప్పారు. నేను చెప్పేది ఆయన గురించే. మొదటి వారానికే బజారులో కొట్లు సగం దోపిడీ అయిపోయాయి. తలుపులు వేసుకుని మనవాళ్ళంతా ఒకటే మాట: బస్సు ఎప్పుడు, ఎటునుంచి, పేర్లు ఎవరు రాస్తున్నారు. మేనేజరు దుకాణం తాళంచెవి ఆయన చేతికిచ్చి తన పిల్లల్ని తీసుకుని జోర్డాన్ వెళ్ళిపోయాడు. ఆ తాళంచెవే మా కొంప ముంచింది. ఎనభై మూటలున్నాయి దుకాణంలో. అవి ఎవరివి వాళ్ళకు చేర్చాలని ఆయన పట్టు. పొద్దున్నే వెనక తలుపు తీసి, రెండు మూటలు భుజాన వేసుకుని, "ఇండ్లు నీకు తెలుసు గదా, రా నాయనా" అనేవాడు.

"ఊరు తగలబడిపోతుంటే ప్యాంట్లు పంచడం ఏవిటండీ? వాళ్ళున్నారో పోయారో కూడా తెలీదు కదండీ!"

"ఉన్నోళ్ళకే ఇస్తాం. గుడ్డ మనది గాదు."

తిట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. ఆయన్ని ఒంటరిగా పంపలేక అని అందరికీ చెప్పుకున్నాను.

ఆస్ట్రియావాళ్ళ మూట ఆయన చివరికి ఉంచాడు. అప్పటికి తెల్లదొరలను పట్టుకుని ఇరాక్ తీసుకుపోతున్నారు. దాచినవాళ్ళకు ఉరి అని రేడియోలో చెప్పారు. ఆ ఇంజనీరు ఇంట్లోనే తలుపు బిగించుకుని ఉన్నాడని మేడ కాపలాదారు చెప్పాడు. నేను రానన్నాను. ఆయన మూట ఎత్తుకుని బయల్దేరాడు. నేను పది అడుగుల వెనక నడిచాను.

సముద్రం రోడ్డు మలుపులో సైనికులు ఆపారు. ముగ్గురు, జీపు నీడలో కూర్చున్నారు. వాళ్ళలో పిన్నవాడు మూట విప్పి చొక్కాలు కింద పోసి, జెండా బయటికి లాగాడు.

"ఎవరి జెండా ఇది?"

నేను గబగబా ముందుకొచ్చాను. "సుఫ్రా, సుఫ్రా" అన్నాను. అంటే భోజనానికి పరిచే గుడ్డ. మూడు పట్టీలు తప్ప దాని మీద ఇంకేమీ లేదు. సింహం లేదు, పక్షి లేదు, చుక్క లేదు. నమ్మదగిన అబద్ధమే. వాడు నమ్మాడో, ఎండకు విసిగిపోయి ఉన్నాడో, జెండాను మడిచి, కాలిపోతున్న జీపు సీటు మీద పరుచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు.

"పదండి, బతికాం" అని చొక్కాలు మూటలోకి దోపి ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. సైనికుడి ముందుకు వెళ్ళి వంగి, వాడి భుజం దగ్గర వాసన చూశాడు. ఆయన ముక్కు మూసుకుని, వాడి చొక్కా చూపించి, రెండు చేతులతో ఉతికి పిండినట్టు చేసి చూపించాడు. తరవాత సీటు మీది గుడ్డ చూపించి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. మూడు వారాలుగా ఒంటి మీద ఉన్న చొక్కాలు వాళ్ళవి. పిన్నవాడు కాసేపు ఆలోచించి, ముందు ఉతుకు, తరవాత చూద్దాం అన్నాడు.

ఆ తరవాత అయిదు రోజులు ఆయన ఇరాక్ సైనికుల బట్టలు ఉతికాడు. ఒకడివి అనుకుంటే పన్నెండు మందివి అయ్యాయి. మా గదిలో ఉండే మిగతా నలుగురూ ఆయనతో మాట మానేశారు. ఒకడు మొహం మీదే, "దోచుకునే నాకొడుకులకు గుడ్డలుతుకుతాండావు, సిగ్గులేదా?" అన్నాడు. ఆయన మూట భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఒక గుడ్డముక్క కోసమండీ! మనదేం పోయింది?"

"ఉతక్కపోతే వాళ్ళు పోతారా? ఉతికితే గుడ్డ ఇస్తాడు. అంతే నాయనా."

మూడో రోజు ఒక చొక్కా జేబులో కాగితంలో చుట్టిన బంగారు కమ్మ దొరికింది. చంటిపిల్లలకు పెట్టే చిన్నది, ఒక్కటే. జత లేదు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు.

"ఏదో ఇంట్లో దోచిందండీ ఇది. వాడికి తిరిగి ఇవ్వకండి. దాచేద్దాం, ఆ ఇల్లేదో తరవాత కనుక్కుందాం."

ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తరవాత దాన్ని అదే కాగితంలో చుట్టి, చొక్కా ఆరాక అదే జేబులో పెట్టి, జేబు మీద ఇస్త్రీ చేయకుండా చుట్టూ చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగసొత్తు దొంగకే మర్యాదగా అప్పగించడం ఏ ధర్మమని అరిచాను. ఆ రోజూ మరునాడూ ఆయన అన్నం ముట్టలేదు. ఆ పని సరైనదని ఆయన ఎన్నడూ అనలేదు, తప్పనీ అనలేదు. ఆ కమ్మ గురించి నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

జెండా అయిదో రోజున వచ్చింది. నిండా మట్టి, గ్రీజు మరకలు. దాన్ని మళ్ళీ ఉతకడానికి ఒక పూట పట్టింది. ఈలోగా ఆస్ట్రియా అధ్యక్షుడే స్వయంగా బాగ్దాద్ వచ్చి, తన మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడని రేడియోలో విన్నాం. ఇంజనీరూ భార్యా వెళ్ళిపోయారని కాపలాదారు చెప్పాడు. అయినా ఆయన, "చూసి వస్తా" అని మూట పట్టుకుని పోయాడు. తిరిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తలుపు పగలగొట్టినారు. లోపల ఏమీ ల్యా. మంచాలు గూడా ల్యా."

అన్ని రోజుల కోపం అప్పుడు బయటికి వచ్చింది. "వాళ్ళ అధ్యక్షుడు వచ్చి వాళ్ళని విమానంలో పట్టుకుపోయాడండీ! మనం ఇక్కడ బస్సుకి పేరు ఎక్కడా అని తిరుగుతున్నాం. వాళ్ళ జెండా కోసం మీరు సైనికుల అంగీలు ఉతికారు. వాళ్ళకి దాని సంగతే గుర్తుండదు. కాల్చెయ్యండి దాన్ని!"

"ఆ ముసిలామె చూడాలనిందంట గదా" అన్నాడు.

అంతే. నేను అరిచిందంతా గోడకి చెప్పినట్టయింది.

సెప్టెంబరులో మాకు బస్సు దొరికింది. ఆయన జెండాను బనీను లోపల ఒంటికి చుట్టుకున్నాడు. బాస్రాలో, బాగ్దాద్‌లో సోదాలు చేసి రేడియోలు, వాచీలు లాక్కున్నారు. ఆయన ఒంటికి చెమటతో అంటుకున్న గుడ్డను ఎవరూ పట్టించుకోలేదు. జోర్డాన్ ఎడారిలో గుడారాల ముందు నీళ్ళ లారీ కోసం వరుసలో ఉండగా నా వైపు తిరిగి అడిగాడు.

"ఆ ఇంజనీరు పేరేంది నాయనా? ఇంటికి పోయినాక పంపిద్దాం."

ఆయన మనుషుల పేర్లు ఎప్పుడూ అడగలేదు. అది నా పని. చీటీలు రాసేది నేను. ఆ చీటీ మీద నేను ఏం రాశానో గుర్తు తెచ్చుకున్నాను. "ఆస్ట్రియా, మూడో అంతస్తు." పేరు రాయడానికి కష్టంగా ఉందని ఎప్పుడూ అంతే రాసేవాణ్ణి. ఆయన ఎన్నిసార్లు పేరు పలికినా నా చెవిన పడలేదు.

"తెలీదండీ" అన్నాను.

ఆయన నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

బొంబాయి దాకా విమానంలో వచ్చి, స్టేషన్‌లో విడిపోయాం. నేను రావులపాలెంలో జిరాక్సు షాపు పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. ఏడాదికి రెండు మూడు కార్డులు వచ్చేవి, కూతురు చేత రాయించి. అందరూ బాగున్నారా, వానలు పడ్డాయా, చివర తప్పకుండా ఒక వాక్యం: ఆ దొర పేరేమైనా గుర్తొచ్చిందా? ఆ వాక్యం చదవడం భరించలేక కొన్ని కార్డులు చివరిదాకా చదవకుండానే పెట్టెలో పడేశాను. పేరు నేను కావాలని దాచినట్టు, ఇంకొంచెం ఓపిగ్గా అడిగితే ఇస్తానన్నట్టు పన్నెండేళ్ళు అడిగాడు.

ఒకసారి పెళ్ళికని రాయచోటి వెళ్ళి, ఆయన ఇంటికి వెళ్ళాను. బాగా వంగిపోయాడు. బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి ఉంది, అల్లుడు చూసుకుంటున్నాడు. ఆయన లోపలికి వెళ్ళి పాత పంచెలో చుట్టిన మూట తెచ్చి విప్పాడు. ఏడాదికోసారి ఉతికి నీడలో ఆరేసేవాడట. నేను ఫహాహీల్‌లో చూసినదానికన్నా శుభ్రంగా ఉంది. చంద్రవంక మరక అలాగే ఉంది.

"ఆమె ఇంగ ఉంటాదంటావా నాయనా? ఎనభై అన్నాడు గదా అప్పుడు. తొంభై రెండు. ఉండొచ్చు గదా?"

ఉండదని చెప్పాలి. పేరు తెలియదు, ఎప్పటికీ తెలియదు, వదిలేయండి అని చెప్పాలి. అవతల నా బస్సుకి వేళవుతోంది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నాకెంత విసుగొచ్చిందంటే, ఆ పీడ ఎలాగైనా వదిలితే చాలనిపించింది.

"గుర్తొచ్చిందండీ" అన్నాను. "మొన్నే గుర్తొచ్చింది. మీకు రాద్దామనుకున్నాను."

కాగితం తీసుకుని ఒక పేరు రాశాను. ఎక్కడో క్యాలెండరు మీద చూసిన వీధి పేరు రాసి, దాని పక్కన ఒక నంబరు వేశాను. కింద వియన్నా, ఆస్ట్రియా. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని, "పోస్టాఫీసు ఐదింటిదాకా ఉంటాది, పదా" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన తొందరపడడం నేను చూడలేదు. ఆ రోజు నేనే వెనకబడ్డాను.

పార్సిల్ గుడ్డ ఆయనే కుట్టాడు, చిన్న చిన్న కుట్లు, దగ్గరదగ్గరగా. పైన అడ్రసు నా చేత రాయించాడు. తూకం వేసి, స్టాంపులు అంటించి, గుమాస్తా దాన్ని వెనక బుట్టలో పడేశాడు. ఆ పార్సిల్ ఇంతవరకూ తిరిగి రాలేదు. తిరిగి రాలేదంటే అందినట్టే గదా అని ఆయన పోయేదాకా ఫోనులో అంటూనే ఉన్నాడు. అవునండీ అని నేనూ అంటూనే ఉన్నాను. ఎవరి ఇంటికి వెళ్ళిందో, ఏ ఆఫీసులో మూలపడిందో, ఆ గుండ్రం మరక చూసి ఎవరేమనుకున్నారో నాకు తెలియదు.

ఆ రోజు పోస్టాఫీసు మెట్ల మీద ఆయన రసీదు నా చేతిలో పెట్టాడు. "చదువు నాయనా, ఇంటా" అన్నాడు.

నేను అల్లిన పేరు, నేను వేసిన నంబరు, నేను రాసిన వీధి, పైకి చదివాను. ఎక్కడా తడబడలేదు.

"మల్లొకసారి చదువు."

మళ్ళీ చదివాను.